పెద్ద మామా గదిలో పాత హీటరు

అక్క ఓబులమ్మకు చెల్లెలు రమణమ్మ దండాలు పెట్టి రాసేది. నేను బాగున్నాను. ఆ మాట ముందే రాసేస్తున్నాను, మిగతాది చదువుతూ నువ్వు బెంబేలెత్తకుండా. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నా కూతురు శైలజ వేళకు తింటోందా? ఇవన్నీ ఫోన్లో అడగవచ్చు గాని, నువ్వు స్పీకరు పెడతావు, ఆ పిల్ల వింటుంది. అందుకే నేను పనిచేసే ఇంటి డ్రైవరు మస్తానన్న సెలవు మీద రాయచోటికి వస్తుంటే అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కువైట్ అంటే ఎండలే అనుకుంటాం. చలికాలం వస్తే ఎముకలు కొరుకుతుంది. ఈసారి నన్ను పెద్ద మామా గదిలో పడుకోమన్నారు. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తాం కదా, పెద్ద మామా అంటే ఆమె తల్లి, మంచం దిగలేని ముసలావిడ. ఆ గదిలో ఒక పాత గ్యాస్ హీటరు. గాలి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కమంటే నేనే కుక్కాను.

ఇక పొద్దున లేస్తే తల బద్దలయ్యేది. పెద్ద మామా తిన్నది కక్కేది, నా పేరు కూడా మరిచిపోయేది. వయసు మీద పడింది అన్నారు ఇంట్లో. నాకేమో దిష్టి అనిపించింది. అంతకుముందే చుట్టాలొచ్చి ఆమె రంగు చూసి తెగ మెచ్చుకుని పోయారు మరి.

ఒక సాయంత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని ఆమెకు దిగదుడిచి, వేరే నిప్పు లేక ఆ హీటరు మీదే వేశాను. ఘాటు వస్తే దిష్టి పోయినట్టే అంటారు కదా మనవైపు. వచ్చిన ఘాటుకు ఇల్లంతా దగ్గింది! మామా పరుగెత్తుకొచ్చి నన్ను నానా మాటలూ అని, కుక్కిన గుడ్డలు పీకించి కిటికీలన్నీ తెరిచింది. మర్నాడు నా తల తేలికైంది. పెద్ద మామా నన్ను పేరు పెట్టి పిలిచి చాయ్ అడిగింది. మన దిష్టి తీత ఎంత గొప్పదో అని మురిసిపోయాను.

ఆ మురిపెం ఎంతోసేపు లేదు. కిటికీలు మూయగానే మళ్ళీ అదే నొప్పి. గ్యాస్ సిలిండరు మార్చడానికి వచ్చిన మస్తానన్నతో, ఇంకోసారి దిష్టి తీయాలి అన్నాను. అతను హీటరు ముందు కూర్చుని చూశాడు.

"దిష్టి కాదు, నీ మొగం కాదు. మంట నీలంగా ఉండాల, ఇది పసుపు పచ్చగా లేస్తాండాది. గోడకు మసి సూడు. ఈడ వఫ్రా పక్క తోటల్లో ఇట్లనే నిప్పు పెట్టుకోని, తలుపులు మూసుకోని పండుకున్నోళ్లు మళ్లీ లెయ్యల్యా చెల్లీ" అన్నాడు.

మన కట్టెల పొయ్యి అయితే పొగొస్తుంది, కళ్ళు మండుతాయి, లేచి బయటికి పోతాం. దీనికి పొగా లేదు, వాసనా లేదు. పొగ లేకపోతే భయం లేదనుకున్నాను.

మామాకు చెబితే మొదట కసిరింది, నిరుడే బాగు చేయించానంది. తర్వాత తల్లి ముఖం చూసి మెకానిక్‌ను పిలిపించింది. అతను విప్పి మసి దులిపి మళ్ళీ వెలిగించాడు. అయినా పసుపు మంటే. మంట మండే ముందు పలక పగిలిపోయింది, ఇక బాగు చేసి లాభం లేదు, ఖలాస్ అన్నాడు. మామా తన తల్లి పాదాలు పట్టుకుని ఏడ్చింది. ఆ పూటే కరెంటు హీటరు తెప్పించి, తల్లి దగ్గర తానే పడుకుంటానని నన్ను మేడ మీది నా గదికి పంపింది.

వెళ్ళి చూస్తే నా మంచం పక్కన ఆ పాత హీటరు, శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది.

"నీకూ చలి కదా రమణా, కిటికీ కొంచెం తెరుచుకో, చాలు" అంది మామా. కోపంతో కాదక్కా, ప్రేమగానే అంది. అదే నాకు మింగుడుపడలేదు. ఈ ఇంట్లో పాతదేదైనా పనివాళ్ళకే వస్తుంది. దుప్పట్లు, చెప్పులు అన్నీ కళ్ళకద్దుకుని తీసుకున్నాను. ఇది మాత్రం నావల్ల కాలేదు.

"వద్దు మామా. మీయమ్మకు పనికిరాంది నాకెట్ల పనికొస్తాది? నాకూ ఒక కూతురుండాది" అన్నాను, నాకొచ్చిన అరబీలో. ఆమె మెట్లు దిగిపోయింది. నేనూ మస్తానన్నా దాన్ని మోసుకెళ్ళి వీధి చివర చెత్తకుండీ దగ్గర పడేశాం.

అప్పటినుంచి మామా నాతో ముభావంగా ఉంది. ఉంచుతుందో, పంపించేస్తుందో తెలియదు. అలిసిపోయానక్కా. మస్తానన్న తిరిగొచ్చేటప్పుడు నువ్వు కుట్టిన పాత చీరల బొంత ఒకటి పంపు, కాస్త రాగిపిండి కూడా. పెద్దత్తకు, బావకు నా దండాలు. శైలజకు ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించొద్దు, ఇక్కడ అది చాలానే ఉంది. వణుకుతూనే పడుకుంటున్నాను గాని, పొద్దున్నే లేస్తున్నాను.

నీ చెల్లెలు
రమణమ్మ