చేతి మీద మూడు గీతలు

బాబాయ్ గారికి నమస్కారాలు.

నాకు సెలవు దొరికింది, పై శుక్రవారం ఉప్పాడ వస్తున్నాను. ఈలోగా మీరొక పని చేసిపెట్టాలి. ఫోన్లో చెబితే "ఊరుకోరా" అని పెట్టేస్తారు, అందుకే ఉత్తరం.

మీరు సెంటర్లో కట్టించిన ఫ్లెక్సీని చెల్లి ఫోటో తీసి పంపింది. తల నాదే గానీ భుజాలు ఎవరో ఆఫీసరువి. పైన "పైలట్ గారికి స్వాగతం" అని వేయించారు. నేను పైలట్‌ని కాదండి, సార్జెంట్‌ని. విమానాల ఇంజన్లు చూస్తాను. ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్‌గా చేరినప్పుడు నా చొక్కా చేతులు ఖాళీ. కార్పొరల్ అయ్యాక రెండు గీతలిచ్చారు. మూడోది రావడానికి, చేరిన దగ్గర్నుంచి పదమూడేళ్లు పట్టింది. ఆ గీతలు మీ ఫ్లెక్సీలో లేవు.

నేను చూసి సంతకం పెట్టాకే పైలట్ విమానం ఎక్కుతాడు. అది దిగేదాకా నాకు ముద్ద దిగదు. మీరు బాగుచేసిన ఇంజనుతో పడవ వేటకెళితే మీరూ అంతేగా, ఒడ్డు వదిలేవారు కాదు. ఎవరైనా మిమ్మల్ని పడవ ఓనరనుకుంటే, "కాదండి, మెకానిక్‌నండి" అని గట్టిగా చెప్పేవారు.

గీతలు కనపడేలా పక్కకి తిరిగి దిగిన ఫోటో ఈ కవర్లో పెట్టాను. దాంతో కొత్త ఫ్లెక్సీ వేయించండి. పాతదాని అడుగున పదకొండు మంది నాయకుల బొమ్మలున్నాయి, మీది లేదు. వాళ్లందరినీ తీయించేసి నా పక్కన మీరుండండి. గ్రీజు చొక్కాతోనే.

ఇట్లు,
మీ దగ్గర పని నేర్చుకున్నవాడు