నాలుగో బోల్టు

మార్చి 3, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీర్వదించి రాయునది, కొంచెం తిట్టునది కూడా.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, మా బుడంకాయా క్షేమంగా ఉన్నారనీ, ఆ కారేసుకుని ఇంకా ఊరు దాటలేదనీ తలుస్తాను.

నీ ఉత్తరం, ఫోటోలు నిన్న అందాయి. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు కారే. మరదలికి జ్వరం తగ్గిందో లేదో ఒక్క ముక్క లేదు, బండి చక్రాల వెడల్పు మాత్రం రెండు చోట్ల రాశావు. బాగుంది నాయనా. నీ కొట్టుకొచ్చే వాళ్ళందరికీ కళ్ళజోళ్ళు పెడతావు, నీకెవరు పెడతారో!

నవ్వకుండా ఉండలేకపోయాననుకో. పొద్దున్నే బ్యాటరీ మీద చప్పుడు లేకుండా వెనక్కి తీస్తుంటే, మొక్కలకి నీళ్ళు పోసే పక్కింటి పెద్దాయన ఉలిక్కిపడి పైపు తన మీదే తిప్పుకున్నాడని రాశావు చూడు, అది చదివి షెడ్డులో అందరికీ చెప్పాను. పెద్ద రోడ్డెక్కాక ఇంజను ఒక్కసారి గర్జిస్తుందట, నీ వీపు మీద వెంట్రుకలు లేస్తాయట. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా అడుగున గీరుకుంటుందట. దిగాలంటే ముందు ఒక కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని, దొర్లి లేవాలట. అంత సుఖం కోసమేనా నాయనా ఇన్నేళ్ళూ కలలు కన్నావు? చిన్నప్పుడు నీ మంచం పైన గోడకి ఆ కారు బొమ్మ అతికించింది నేనే. అప్పుడే చింపెయ్యాల్సింది.

ఇక అసలు సంగతి. మొదటివాడు కొన్న ధరలో ఐదో వంతుకే వచ్చిందనీ, ఇంక పడటానికేం మిగల్లేదక్కా అనీ రాశావు. పన్నెండేళ్ళుగా ఈ హైబ్రిడ్ బండ్ల బ్యాటరీలు విప్పి బిగిస్తున్న దాన్ని, ఒక్క మాట విను. మామూలు బండి ధర ఏటా కాస్త కాస్త తగ్గుతుంది. ఈ జాతి బండి ధర మాత్రం మెట్ల మీంచి దొర్లినట్టు పడుతుంది. ఎందుకో తెలుసా? అమ్మేవాడి భయం. బ్యాటరీకి కంపెనీవాళ్ళు ఎనిమిదేళ్ళు పూచీ ఉంటారు. ఆ గడువు దగ్గరపడే కొద్దీ ఓనరుకి నిద్ర పట్టదు, ఎందుకంటే అది పోతే కొత్తదాని ఖర్చుతో ఇంకో చిన్న కారొస్తుంది. అందుకని ఎంతకైనా సరే వదిలించుకుంటాడు. కొన్నవాడు ఒకటి రెండేళ్ళు తిరిగి, వాడూ భయపడి వదిలించుకుంటాడు. నీ బండికి గడువు పోయిన నెలతో తీరిపోయిందని నీ కాగితాల ఫోటోలోనే ఉంది. నువ్వు నాలుగోవాడివి.

ఒక చిన్న పని చేసి పెట్టు. ఫోటోలో డ్రైవరు తలుపు లోపల నెలవంకలాంటి కాలిన మచ్చ కనిపిస్తోంది. అది నువ్వు చేసిందా, ముందే ఉందా? ఇంకోటి. వెనక ఉన్న ఆ పిట్టగూడంత సీటు లేపి, కింద కార్పెట్ తీస్తే బ్యాటరీ మూత ఉంటుంది. దానికి మూలల్లో నాలుగు బోల్టులు. ముట్టుకోకు, చూడు చాలు. మా షెడ్డుల్లో ఒక పద్ధతుంది. పని పూర్తయి బోల్టు గట్టిగా బిగించాక దాని మీద ఒక రంగు చుక్క పెడతాం, ఒక్కో మెకానిక్‌ది ఒక్కో రంగు. చుక్క లేదంటే ఆ పని ఇంకా మిగిలుందని లెక్క. నీ వాటి మీద చుక్కలున్నాయా, ఉంటే ఏ రంగో రాయి. ఊరికే అడుగుతున్నాను, కంగారు పడకు.

నేను చెప్పేదాకా రాత్రిళ్ళు గ్యారేజీలో పెట్టి చార్జింగ్ చెయ్యకు. మీ పడకగది సరిగ్గా దాని మీదే కదా.

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం బుడంకాయకి మూడేళ్ళు నిండుతాయి. నేను షెడ్డు బట్టల్లోనే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చి నర్సుతో చీవాట్లు తిన్న రోజు నిన్నో మొన్నో అన్నట్టుంది. దానికి నా ముద్దులు.

ఆశీస్సులతో,
అక్క

 

మార్చి 9, సోమవారం

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

క్షేమ సమాచారాలు రాసే ఓపిక లేదు. నీ ఉత్తరం ఇందాకే అందింది, చేతులు కడుక్కోకుండానే చదివాను, కాగితానికి గ్రీజు అంటుకుంది.

మచ్చ ముందే ఉందని రాశావు. బ్యాటరీ మూత మీద మూడు బోల్టులకి వంగపండు రంగు గోళ్ళ రంగు పూసి ఉందనీ, నాలుగోదానికి లేదనీ, మొదటి ఓనరు పెళ్ళాం ఎవరో మహా సోకులాడై ఉంటుందనీ వేళాకోళం చేశావు. నువ్వు నవ్వుకుంటూ రాశావు గానీ, నేను అక్కడే టైర్ల మీద కూర్చుండిపోయాను.

అది కూడా తట్టుకునేదాన్నేమో. ఆఖర్న ఊసుపోక రాసినట్టు ఒక ముక్క రాశావు చూడు. బుడంకాయ ఏ కారులోనూ నిద్రపోదు గానీ ఇందులో ఎక్కిన పది నిమిషాలకే నిద్రపోతుందనీ, వెనక సీటు ఎడమపక్క వెచ్చగా ఉంటుందనీ, అంత ఖరీదైన బండి కాబట్టి సీటుకి హీటరు పెట్టి ఉంటారనీ.

ఒరేయ్, ఆ బండిలో వెనక సీటుకి హీటరు లేదు. ఏ దేశంలో అమ్మినదానికీ లేదు.

పిల్లని ఆ సీట్లో కూర్చోబెట్టకు. ఈ వాక్యం నువ్వు ఇంకో రెండు సార్లు చదివావనుకుంటాను. బండిని ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టు. చార్జింగ్ తీగ పీకెయ్యి. సీటు కింద నుంచి తియ్యటి వాసన, గోళ్ళ రంగు కడిగే మందులాంటి వాసన వస్తే తలుపులు తెరిచిపెట్టి అందర్నీ తీసుకుని వీధి చివరికి పో, ఏ వస్తువు కోసమూ వెనక్కి రాకు.

కిందటివారం మీ ఊరి మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూశాడనీ, అన్నీ పచ్చగా ఉన్నాయనీ రాశావు. కంప్యూటర్‌కి ఆ మూల వేడి తెలియదు. నాకు తెలుసు. ఎలా తెలుసని మాత్రం అడగకు.

నాకు అసూయ అన్నావు. జీవితమంతా స్కూటరు మీద తిరిగిన దాన్నట, తమ్ముడు మంచి బండి కొంటే ఓర్వలేకపోతున్నానట. ఆ మాట చదివి ఏడుపొచ్చింది, దాచను. అయినా అనుకో. నేను అసూయతో చచ్చిపోతున్నాననే అనుకో, బండి మాత్రం ముట్టుకోకు. ఆ మచ్చ సంగతి అడుగుదామని మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నాను, నువ్వు ఎత్తడం లేదు. గొంతులు లేస్తే ఫోన్ పెట్టేసి కాగితం తియ్యడం మనింట్లో చిన్నప్పట్నించీ ఉన్న అలవాటే గానీ, ఈసారికి ఆ అలవాటు మానెయ్యరా.

ఆదివారం బుడంకాయ పుట్టినరోజుకి ముగ్గురూ కొండల మీదకి వెళ్తామని రాశావు. అంతదూరం ఎక్కుతుంటే బ్యాటరీ ఎంత కాగుతుందో నాకు తెలుసు. వెళ్ళొద్దు. కావాలంటే ఆ రోజు దాన్ని బస్సులో తీసుకెళ్ళు, మీ ముగ్గురికీ కిటికీ సీట్లు నేను కొంటాను.

రాత్రి కళ్ళు మూస్తే ఆ నిద్రపోయే మొహమే కనిపిస్తోంది. నాకు చాలా భయంగా ఉంది తమ్ముడూ. నా మాట విను.

అక్క

 

మార్చి 14, శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నర

తమ్ముడికి,

ఈ కాగితం మీ గ్యారేజీ తలుపుకి అంటిస్తున్నాను. కొట్టు మూసి భోజనానికి వస్తావు, మొదట చూసేది నన్ను కాదు, దీన్నే కాబట్టి.

కారు గ్యారేజీలో లేదని గుండె ఆగిపోయి ఉంటుంది. ఎవరూ ఎత్తుకుపోలేదు. మీ సందు చివర గోడ కట్టిన ఖాళీ స్థలంలో, నీడలో నిలబెట్టాను. నువ్వు నిలబడ్డ చోటినించి నీకూ కనిపిస్తుంది. అది కదలదు. మెకానిక్‌కి ఫోన్ చెయ్యకు.

పొద్దున బస్సు దిగి ముందు నీ కొట్టు దగ్గరికే వచ్చాను. రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. నువ్వు ఎవరో ముసలాయన ముక్కు మీద కళ్ళజోడు సరిచేస్తూ, ఇప్పుడు చదవండి తాతగారూ అంటున్నట్టున్నావు. చిన్నప్పుడు బొమ్మకి కూడా అంత ఓపిగ్గానే టోపీ పెట్టేవాడివి. లోపలికి రావడానికి నాకు మొహం చెల్లలేదు. ఎదురుగా నిలబడి చెప్పగలిగేదాన్నయితే మొదటి ఉత్తరంలోనే చెప్పేదాన్ని.

అక్కణ్ణించి మీ ఇంటికి వెళ్ళాను. నాకు తాళం ఇవ్వద్దని నువ్వు మరదలికి చెప్పి ఉంచావట. పాపం దాన్నేమీ అనకు. ముందు ఇవ్వలేదు. సీటు మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. నిన్నట్నించి కారు కదల్లేదు, చార్జింగ్ లేదు, గ్యారేజీ చల్లగా ఉంది. కుడిపక్క పెట్టింది, మామూలుగా ఉంది. ఎడమపక్క పెట్టి, చెయ్యి తీసి, లోపలికెళ్ళి తాళం తెచ్చింది. పిల్లని ఎత్తుకుని పై వీధిలో తన స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయింది. రేపు తొడగడానికి కొన్న పసుపు గౌను కూడా పట్టుకెళ్ళింది. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

కారు బయటికి తీసింది నేనే. నలభై అడుగుల దూరం. నువ్వు మురిసిపోయి రాశావే చప్పుడు చెయ్యదని, నిజంగానే చెయ్యలేదు. నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. పన్నెండేళ్ళలో ఎన్ని బండ్లు తీశానో లెక్కలేదు గానీ, వీపు వెనక ఏముందో తెలిసి నడపడం ఇదే మొదటిసారి. మొక్కల పెద్దాయన గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. లోపలికి వెళ్ళిపొమ్మని అరిచాను, ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పు.

తరవాత గ్లవ్స్ వేసుకుని, సీటు తీసి, బ్యాటరీ పక్కనుండే నారింజ రంగు ప్లగ్గు పీకేశాను. దాంతో బ్యాటరీకీ మిగతా కారుకీ సంబంధం తెగింది. పీకిన ప్లగ్గు పీకినవాళ్ళ జేబులోనే ఉండాలి, ఇంకెవరూ తెలియక మళ్ళీ పెట్టకుండా. అది మా పనిలో మొట్టమొదట నేర్పే పాఠం. ఇప్పుడది నా జేబులో ఉంది. అలాగని ప్రమాదం పోలేదు. లోపల ఒక మూల కాగుతూనే ఉంది, ధర్మామీటరు పెట్టి చూస్తే మిగతా మూలలకంటే పదకొండు డిగ్రీలు ఎక్కువుంది. ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాను, బ్యాటరీల సంగతి తెలిసినవాళ్ళని పంపిస్తామన్నారు. నువ్వు దాని దగ్గరికి రాకు, ఈ కాగితం తీసుకుని వెంటనే అవతలికి నడువు. మిగతాది అక్కడ చదువుకో.

నీ కలని నాశనం చేశాను. ఇంక పడటానికేం మిగల్లేదని రాశావు కదా, మిగిలింది. ఈ సాయంత్రానికి దీని విలువ సున్నా. తలుపులూ చక్రాలూ కొనేవాళ్ళు కూడా బ్యాటరీ మాట వింటే పారిపోతారు. నీకు జరిగిన నష్టం ఎవరు కట్టాలో నాకు తెలుసు, దాని సంగతి సోమవారం కంపెనీకీ, రవాణా ఆఫీసుకీ నేనే కాగితం పెడుతున్నాను. రెండు కవర్లూ నా సంచీలో ఉన్నాయి, స్టాంపులు కూడా అంటించాను. ఆ తరవాత నాకు ఈ పని ఉంటుందనుకోను.

ఆ స్థలానికి ఎదురుగా, కాస్త దూరంగా ఉన్న బస్టాపు బెంచీ మీద కూర్చుని ఉన్నాను, అక్కణ్ణించి కారు మీద కన్నేసి. కిందంతా చదివాక వచ్చి ఎన్ని తిట్లు తిట్టినా తింటాను. రాకపోయినా కూర్చుంటాను, ఫైర్ వాళ్ళొచ్చేదాకా ఎవర్నీ దాని దగ్గరికి రానివ్వకూడదు.

భయంతో, ప్రేమతో,
అక్క

తాజా కలం: ఆ సోకులాడి నేనే. షెడ్డులో రంగు పెన్నులు రెండు రోజులకే ఎండిపోతాయని గోళ్ళ రంగు సీసా జేబులో వేసుకుని తిరుగుతాను, వంగపండు రంగు నాది. మూడేళ్ళ కిందట ఆ కారు తెల్లగా ఉండేది, ఈ నీలం రంగు తరవాత ఎవరో వేయించారు, కానీ తలుపు లోపలి ఆ నెలవంక మచ్చ అప్పుడే ఉంది, నీ ఫోటోలో దాన్ని చూసే అనుమానపడ్డాను. అడుగున బండరాయి తగిలి మా దగ్గరికి వచ్చింది. విప్పి చూస్తే ఎడమ మూలలో ఒక సెల్లు ఉబ్బి ఉంది, ఆ మూల వేడి చెప్పే తీగ తెగి ఉంది. కొత్త భాగం రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. మేము ఇస్త్రీ అని పిలుచుకునే మా మేనేజరు, బండిని ఆ వారమే అమ్మేస్తున్నారు, ఇప్పటికి మూసెయ్యి, తరవాత చూద్దామన్నాడు. నేను పక్క మూల తీగనే దీనికీ కలిపేశాను, కంప్యూటర్ ఇంక గోల చెయ్యకుండా. మూత పెట్టి మూడు బోల్టులకి చుక్కలు పెట్టాను. నాలుగోదానికి పెట్టడానికి చెయ్యి రాలేదు. రేపొచ్చి ఇస్త్రీతో పోట్లాడి సరిగ్గా చేద్దాం, చుక్క లేకపోతే నాకే గుర్తుంటుందిలే అనుకున్నాను. మళ్ళీ వచ్చేసరికి బండి లేదు. ఎవరికి చెప్పినా నా సంతకమే కదా అని నోరు మూసుకున్నాను.

నాలుగోదాని ముందు సీసా పట్టుకుని నిలబడి ఉండగానే నీ ఫోన్ వచ్చింది, ఆడపిల్ల అక్కా అని. బాగానే ఉందని కాగితం మీద సంతకం గీకేసి పరిగెత్తుకొచ్చాను. దాన్ని నీకంటే ముందు ఎత్తుకున్నది నేనే. దుప్పటికి వంగపండు రంగు అంటుకుంటే, మేనత్త వస్తూనే పిల్లకి గోళ్ళ రంగు తెచ్చిందని నువ్వు అందరికీ చెప్పి నవ్వావు.