ప్లంబరుగారి వేణువు

వేణువుల దుకాణం వారికి,

నమస్కారం. నేను పైపుల పని చేసేవాణ్ణి. అందరూ ప్లంబరుగారూ అంటారు, మీరూ అలాగే అనుకోండి. మీరు పంపిన వెదురు వేణువు నిన్న అందింది. ప్యాకింగు బ్రహ్మాండంగా ఉంది. సరుకే బాగాలేదు.

విప్పి చూడగానే లోపం ఎక్కడుందో తెలిసిపోయింది. ఈ చివర నుంచి ఆ చివరకి గాలి పోవడం లేదు. లోపల ఏదో అడ్డం పడింది. నా వృత్తే అది కాబట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా నేనే సన్నటి ఇనుప ఊచ పెట్టి పొడిచి, ఆ అడ్డాన్ని బయటికి తోసేశాను. తీరా చూస్తే బెండు ముక్క! వెదురులోకి ఎలా దూరిందో ఏమో. ఇప్పుడు ఇటు కన్ను పెడితే అటు ఎదురింటి తలుపు గొళ్ళెం కూడా కనిపిస్తోంది. లైను పూర్తిగా క్లియరు.

అయినా మోగదు. చివర నోట్లో పెట్టుకుని బుగ్గలు పగిలేలా ఊదాను. ఎదురుగా కూర్చున్న పిల్లి మీసాలు ఊగాయి తప్ప చడీ చప్పుడూ లేదు. దయచేసి మోగే వేణువు ఒకటి పంపగలరు.

ఇట్లు,
ప్లంబరు

తా.క.: ఒక పైపుకి వరసగా ఇన్ని చిల్లులు పడ్డాక కూడా అమ్మకానికి పెట్టారంటే మీ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

~

ప్లంబరుగారికి,

నమస్కారం. ఈ దుకాణంలో వేణువులు చేసేదీ, అమ్మేదీ, ఉత్తరాలు రాసేదీ నేనొక్కదాన్నే. మీ ఉత్తరం చదివాక కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఆ బెండు ముక్క అడ్డం కాదండీ. నా చేత్తో అరగదీసి, బిగించి పెట్టిన మూత అది. అది లేకపోతే వేణువు మోగదు. ఆ చిల్లులు కూడా వాటంతటవి పడినవి కావు. ఎర్రగా కాల్చిన చువ్వతో ఒక్కొక్కటీ నేను పెట్టినవి.

బెండు మళ్ళీ దూర్చండి. ఊదే రంధ్రం దగ్గరికి వచ్చి ఆగాలి, దాటకూడదు. వేణువుని నోట్లో పెట్టుకోకండి, అడ్డంగా పట్టుకోండి. విడిగా ఉన్న ఆ ఒక్క రంధ్రం కింది పెదవికి ఆనాలి. వేడి పాలు ఊది చల్లార్చినట్టు సన్నగా, రంధ్రం అవతలి అంచుకి తగిలేలా ఊదండి. సగం గాలి లోపలికి, సగం బయటికి. మిగతా రంధ్రాలన్నీ ముందు గట్టిగా మూసెయ్యండి. ఎక్కడా గాలి కారకూడదు. ఇది చాలా ముఖ్యం.

ఇట్లు,
వేణువులు చేసే ఆవిడ

తా.క.: పిల్లి క్షేమమేనా?

~

అమ్మా,

నమస్కారం. మోగింది!

రంధ్రాలన్నీ గట్టిగా మూసెయ్యండి, గాలి కారకూడదు అని రాశారు చూడండి, అక్కడ మీకూ నాకూ భాష కలిసింది. పైపుల కీళ్ళకి పెట్టే ముద్ద కలిపి ఒక్కో రంధ్రాన్నీ పూడ్చేశాను. ఎండలో ఆరబెట్టి గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. బకెట్టు నీళ్ళలో ముంచి ఊదితే ఆ రంధ్రాల్లోంచి ఒక్క బుడగ వస్తే ఒట్టు. మీకు రాసిస్తాను, ఈ జన్మకి అవి లీకవ్వవు.

తర్వాత మీరు చెప్పినట్టే అడ్డంగా పట్టుకుని పాలు చల్లార్చాను. చాలాసేపు ఉత్త గాలే. గది గిర్రున తిరిగింది, గోడ పట్టుకున్నాను. మళ్ళీ ఊదాను. 'భూ' అని వచ్చిందమ్మా! తప్పిపోయిన దూడ ఎక్కడి నుంచో పిలిచినట్టు. ఒళ్ళు జలదరించింది. కాకపోతే ఎంతసేపు ఊదినా అదే భూ. రెండో స్వరం ఎక్కడ దాచారో చెప్పండి.

ఈ వయసులో వీడికెందుకీ సరదా అనుకుంటారేమో. మా ఇంటావిడ బట్టలు కుడుతుంది. కుట్టుమిషను తొక్కుతూ ఎప్పుడూ ఒక కూనిరాగం తీసేది. నేను పని నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే ముందు అదే వినిపించేది. పోయిన వానాకాలంలో ఆస్పత్రిలో చేర్చాం. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. అప్పటి నుంచి ఇల్లు మూగబోయింది. ఆ రాగం ఇంట్లో మళ్ళీ ఒక్కసారి వినిపించాలి. అదీ నా కోరిక.

మీ విధేయుడు,
ప్లంబరు

తా.క.: రెండో స్వరానికి రెండో వేణువు కొనాలా? అలాగైతే పాటకి ఎన్ని పడతాయో ముందే చెప్పండి, గోడకి మేకులు కొట్టిస్తాను.

~

అన్నయ్యగారికి,

ఇలా పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ముద్ద పెట్టి పూడ్చారని చదివినప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఉత్తరం చివరికి వచ్చేసరికి ఆ కోపం ఎటు పోయిందో తెలీదు. వదినగారు లేరన్న సంగతి తెలియక పిల్లి గురించి వేళాకోళమాడాను. మన్నించండి. ఆ దుఃఖం ఎలాంటిదో నాకు తెలుసు. మా ఆయన పోయాక ఈ పనిశాలలో ఉలి చప్పుడు కూడా నాకు పరాయిగా అనిపించేది.

కొత్త వేణువు పంపుతున్నాను. రంధ్రాలు మూయాల్సింది వేళ్ళతో. వేళ్ళతో, అన్నయ్యగారూ. ఒక్కో వేలు ఎత్తుతుంటే ఒక్కో స్వరం పలుకుతుంది. తల తిరిగితే వెంటనే ఆపి కూర్చోండి, కొత్తలో అందరికీ అంతే. వదినగారి ఫొటో ఎదురుగా పెట్టుకుని సాధన చెయ్యండి. ఆవిడ ఎక్కడున్నా వింటూనే ఉంటారు.

మీ దుఃఖంలో పాలుపంచుకునే,
వేణువులు చేసే చెల్లెలు

తా.క.: మొదట్లో ఎంత ఘోరంగా మోగినా దిగులుపడకండి. పోయినవాళ్ళు తప్పులు పట్టరు.

~

చెల్లెమ్మకి,

ఆశీస్సులు. ముందుగా ఒక మాట. మా ఆవిడ బతికే ఉంది. మీ ఉత్తరం విప్పి చదివింది కూడా తనే.

నేను స్నానం చేసి వచ్చేసరికి మిషను ఆగిపోయి ఉంది. చేతిలో మీ ఉత్తరం పట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకుని కంగారుగా పరిగెత్తాను. నవ్వుతోంది! చప్పుడు రాదు కదా, దగ్గరికెళ్ళి మొహం చూస్తే గానీ తెలీదు.

తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. తన గొంతులో గడ్డ లేస్తే ఆపరేషను చేశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. ఊపిరి బాగానే వస్తుంది, మాటే రాదు. ఏదైనా చెప్పాలంటే నల్లగుడ్డ మీద, కొలతలు గీసే సుద్దముక్కతో రాస్తుంది. చెప్పడం అయిపోయాక దులిపేస్తుంది. కూనిరాగం మాత్రం గుడ్డ మీద రాయడానికి వీల్లేదు కదా!

కొత్త వేణువు వచ్చింది. చాలా బాగుంది. నా వేళ్ళే బాగాలేవు. ఇన్నేళ్ళు రెంచీ తిప్పి తిప్పి కాయలు కాసి ఉన్నాయి. ఒక వేలు పెడితే పక్క రంధ్రం కూడా సగం మూసుకుపోతోంది. ఉన్న స్వరాలు ఒకదానినొకటి తోసుకుంటూ వస్తున్నాయి. ఏదైనా ఉపాయం చెప్పండి తల్లీ.

మీ అన్నయ్య,
ప్లంబరు

తా.క.: మా ఆవిడ నల్లగుడ్డ మీద రాసింది యథాతథంగా: "ఏ ఫొటో పెడతారో అడగండి. పెళ్ళి ఫొటోలో నా కళ్ళు మూసుకుపోయాయి. దాని ముందు వాయిస్తే ఒప్పుకోను."

~

అన్నయ్యగారికి,

సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. బతికున్న మనిషికి సంతాపం తెలిపి, ఆ కాగితం ఆవిడ చేతికే అందేలా పంపినదాన్ని బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటాను. వదినగారికి నా క్షమాపణలు నల్లగుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించండి.

వేళ్ళ సంగతి. కొసలతో గుచ్చినట్టు మూయకండి. వేలి మెత్తటి భాగం చదునుగా ఆనించండి. బిగించి నొక్కకండి, అది నట్టు కాదు. ఇంకొకటి. వస్తువులు లేని, గోడలు దగ్గరగా ఉన్న ఖాళీ గదిలో ఊదితే చప్పుడు తిరిగి మీ చెవికే వస్తుంది. ఎక్కడ తప్పుతోందో మీకే తెలుస్తుంది. అలాంటి గది దొరికిందా, వదలకండి.

మీ చెల్లెలు

తా.క.: ఫొటో మాట ఇక ఎత్తకండి, మీకు పుణ్యం ఉంటుంది.

~

చెల్లెమ్మకి,

ఈ ఉత్తరం నవ్వుతూ మొదలుపెట్టాలని చూశాను గానీ నావల్ల కాలేదు.

మీరు చెప్పిన గది దొరికింది. ఒకటి కాదు, నా చేతిలో ఎన్నో ఉన్నాయి. ఖాళీగా, గోడలు దగ్గరగా... బాత్‌రూములమ్మా! పనికెళ్ళిన చోటల్లా కుళాయి బిగించేశాక తలుపు వేసుకుని ఊదడం మొదలుపెట్టాను. అక్కడ నా భూ కూడా నాకే ముద్దొచ్చింది. కాకపోతే ఒక ఇంట్లో అలా ఊదుతుంటే మేడమీది పెద్దావిడ, పైపు మూలుగుతోందని హడలిపోయి, నేను లోపల ఉండగానే ఇంకో ప్లంబర్ని పిలిపించింది. అతను నా శిష్యుడే. చప్పుడు వెతుక్కుంటూ కిందికొచ్చి, తలుపు తీసి నన్నూ, నా చేతిలో వేణువునీ చూసి, ఏమీ అడగకుండా మళ్ళీ తలుపు మూసేశాడు. ఆ మర్యాద నేను మర్చిపోలేను.

అవమానం సరే, దులుపుకుని పోవచ్చు. అసలు సంగతి వేరే. నిన్న సాయంత్రం ధైర్యం చేసి మా ఆవిడ ఎదురుగా కూర్చుని తన రాగం మొదలుపెట్టాను. మొదటి వరస కుంటుకుంటూ వచ్చింది. తను మిషను ఆపి కళ్ళు పెద్దవి చేసి చూసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో వరస ఎత్తుకున్నానో లేదో, లేచి లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. ఎంత బతిమాలినా తియ్యలేదు.

ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడే నొక్కినట్టున్నాను. పోయిన గొంతుని మొరటు చేతులతో మళ్ళీ గుర్తుచేశాను. ఇంక వద్దమ్మా. వేణువు ఈ ఉత్తరంతోపాటే పార్సిలు చేస్తున్నాను. చెయ్యి తిరిగినవాళ్ళకి ఎవరికైనా ఇవ్వండి. పాపం, అది నా దగ్గర చాలా పడింది.

మీ అన్నయ్య,
ప్లంబరు

తా.క.: మా శిష్యుడు ఆ పెద్దావిడతో, "పైపులో గాలి చేరిందండీ, ఇప్పుడు తీసేశాను" అని చెప్పాడట.

~

ప్లంబరుగారికి,

పార్సిలు అందింది. విప్పాను. అందులో వేణువు లేదు. మూరెడు ప్లాస్టిక్ పైపు ముక్క ఉంది.

నేను చేసిన వేణువుకీ దీనికీ తేడా లేదని చెప్పడమా ఇది? ఇన్ని ఉత్తరాలు రాసింది ఇందుకా? మీ కష్టం చదివి నేను రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. మీకు కోపం వస్తే తిట్టండి, పడతాను. ఇలాంటి వేళాకోళం మాత్రం పడను.

ఇట్లు,
వేణువులు చేసే ఆవిడ

తా.క.: ఊది చూశాను. అదీ మోగలేదు.

~

ఆడపడుచుగారికి,

మీ వదిన రాస్తున్నది. మీ ఉత్తరం ఇవాళే చేరింది. ఆ పైపు ముక్క పెట్టింది నేను. ఆయన వేణువుని పెట్టెలో పెట్టి దారం కోసం లోపలికి వెళ్ళారు. ఆ సందులో మార్చేశాను. బరువు సరిపోవాలని పెట్టానే తప్ప మిమ్మల్ని తక్కువ చెయ్యాలని కాదు. తిట్టాలంటే నన్ను తిట్టండి. ఎదురు తిట్టలేని మనిషిని కాబట్టి మీకు సులువు.

ఆ సాయంత్రం నేను లేచి వెళ్ళింది ఏడవడానికి కాదు. నా రాగంలో రెండో వరస పైకి పోవాలి. ఈయన కిందికి దించేశారు! ఇన్నేళ్ళు విన్న మనిషి! అలా కాదండీ అని అరవాలనిపించింది. గొంతు లేదు. సుద్దముక్క తీశాను. రాగాన్ని ఎలా రాయను? ఇంకో క్షణం అక్కడుంటే వేణువు లాక్కునేదాన్ని. అంత ఉత్సాహంగా వాయిస్తున్న మనిషి చేతిలోంచి లాక్కోవడం బాగుండదని లోపలికి పోయాను. అదే ఇంత దూరం తెచ్చింది.

మర్నాడు ఆయన పనికి వెళ్ళాక వేణువు తీశాను. మీరు ఆయనకి చెప్పినవన్నీ నేను వింటూనే ఉన్నాను కదా, ఆయన ప్రతి ఉత్తరం పైకి చదివేవారు. వేడి పాలు చల్లార్చాను. నాకు మిగిలింది ఊపిరే. అదే కావాలట దానికి! మోగింది. నా ఒంట్లోంచి చప్పుడు వచ్చి ఎన్నాళ్ళయిందో మీకు తెలుసు. భయమేసి వేణువు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆగలేదు. నా వేళ్ళు సూది పట్టిన వేళ్ళు, చిన్న రంధ్రాలు వాటికి అలవాటే.

రోజూ ఆయన వచ్చే వేళకి దాచేసేదాన్ని. నిన్న మాత్రం వేళ చూసుకోలేదు. తలెత్తేసరికి గుమ్మంలో ఉన్నారు, భుజాన పనిముట్ల సంచీతోనే. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో. సంచీ దించి, గడప మీద కూలబడి, మొహం తువ్వాల్లో పెట్టుకున్నారు. నేను పాట అయ్యేదాకా వాయించాను. ఆపితే నేనూ ఏడుస్తానని.

ఇంకో సంగతి చెప్పాలి. గొంతు పోయినప్పటి నుంచి ఆయన నాతో దెబ్బలాడటం మానేశారు. నేనేం రాసినా "సరే, అలాగే" అనేవారు. కూరలో ఉప్పు ఎక్కువైనా తినేసేవారు. మాట రానిదానితో వాదనేమిటనుకున్నారు కాబోలు. జబ్బు కన్నా నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటూ, "పాట బాగుంది గానీ, రెండో వరస కిందికే దిగాలోయ్" అన్నారు. నేను పైకి వాయించి చూపించాను. ఆయన నోటితో కిందికి పాడారు. నేను ఇంకా పైకి, ఇంకా గట్టిగా వాయించాను. బల్ల గుద్దారు. నేను కాలు నేలకేసి కొట్టాను. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. పనికి ఆలస్యమైపోయింది ఆయనకి.

ఎంత హాయిగా ఉందో వదినా!

ఉంటాను,
మీ వదిన

తా.క.: రెండో వరస కిందికే దిగాలని ఆయన మీకు విడిగా ఉత్తరం రాస్తున్నారు. నమ్మకండి.