గుమ్మి పక్కన మేకుకు గుచ్చిన కాగితం

అశోక్‌నగర్,
హైదరాబాద్.

పెద్దన్నకు చెల్లెలు సుజాత దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, వదిన, అమ్మ, చిన్నది అంతా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నా గురించి బెంగ వద్దని చెప్పు. హాస్టల్ చారు నీళ్లే అయినా కడుపు నిండుతోంది. గదిలో మిగతా ఇద్దరూ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు, మాట్లాడితే చదువు పాడవుతుందని భయం వాళ్లకు. ఆదివారాలు మాత్రం ఇల్లు బాగా గుర్తొస్తుంది. పోయిన వారమంతా వాన. చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా తడుస్తూనే నడిచాను. జ్వరం రాలేదు, నిజంగానే రాలేదు.

మనింట్లో కందులు పోసే గుమ్మి పక్కన మేకుకు గుచ్చిన కాగితం పంపమంటే ఎందుకని అడగకుండా పంపావు. ఇప్పుడు చెబుతాను, విను.

మా పరిశోధన సంస్థ లైబ్రరీకి విదేశాల నుంచి లావుపాటి పుస్తకాలు వస్తాయి. ఎవరి వ్యాసాన్ని ఎవరెవరు తమ వ్యాసాల్లో పేర్కొన్నారో వాటిలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మా సైంటిస్టుల ప్రమోషన్ల కోసం ఆ లెక్క తీయమన్నారు డైరెక్టర్ గారు. తీశాను. వసుంధర గారి పేరు పక్కన సున్నా వేశాను. పప్పుధాన్యాల పురుగుల మీద ఏళ్ల తరబడి పని చేస్తున్న మనిషి! జాబితా చూసి ఆమె కోప్పడలేదు. "నేను రాసింది రైతుల కోసం బిడ్డా. వాళ్లు చదువుతరు, చేస్తరు. నా పేరు ఏ పత్రికల రాస్తరు చెప్పు?" అన్నారు. మన కందులకు పురుగు పట్టకుండా ఎలా ఎండబెట్టాలో చెప్పే ఆ కాగితం కింద ఉన్న పేరు ఆమెదేనని అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కాగితం పంపమని ఆ రోజే నీకు కార్డు రాశాను.

తర్వాత డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లి, ఆ జాబితా పక్కన పెట్టమని, అంకెలను ఎలా వాడాలో, ఎలా వాడకూడదో కొత్త పరిశోధకులకు ఒక క్లాసు చెబుతానని అడిగాను. "లైబ్రరీల కూసునేదానివి, సైంటిస్టులకు చెప్తవా?" అన్నారు. "తప్పు చేసింది నేనే కద సార్, నేనే చెప్త" అన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో!

శుక్రవారం హాలు నిండింది. డైరెక్టర్ గారు వెనక బెంచీలో కూర్చున్నారు. జాబితాలో అందరికంటే పైనున్న వ్యాసం తీసి, దాన్ని పేర్కొన్నవాళ్లు ఏమన్నారో చదివించాను. సగానికి సగం మంది అది తప్పని చెప్పడానికే పేర్కొన్నారు! అందరూ ఒకటే నవ్వు. తర్వాత మన కాగితం తీశాను, మేకు రంధ్రంతో, వదిన చేతి పసుపు మరకలతో సహా. "ఈ పుస్తకాలల్ల తెలుగు కాగితాలు ఎక్కవు. ఎక్కనంత మాత్రాన పని లేనట్టు కాదు. లెక్క పెట్టుండ్రి, కానీ చదవకుండ తీర్పు చెప్పకుండ్రి" అన్నాను.

డైరెక్టర్ గారు లేచి, "ఇగ నుంచి ప్రమోషన్ల కమిటీకి అంకెలొక్కటే పోవద్దు. పని చదివి రాసిన పేజీ గూడ పోవాలె" అన్నారు. ఏటా కొత్తగా చేరేవాళ్లకు ఈ క్లాసు నేనే చెప్పాలట. గర్వంగా ఉంది అన్నా, నీ దగ్గర దాచను.

వసుంధర గారి ప్రమోషన్ ఇంకా తేలలేదు. క్లాసు అయ్యాక ఆమె మాత్రం కాగితం అంచున నువ్వు పెన్సిల్‌తో రాసిన మాట దగ్గర ఆగిపోయారు. 'రెండెండలు చాలవు, మూడు కావాలె' అని రాశావు కదా. "ఎవరు రాసిండ్రు ఇది?" అని అడిగి, నీ పేరు, ఊరు నోటుబుక్కులో రాసుకున్నారు. మళ్లీ అచ్చు వేసేటప్పుడు నీ పేరుతో సహా వేస్తారట.

కాగితం ఇందులోనే పెట్టాను, మళ్లీ అదే మేకుకు గుచ్చు. వీలైతే కొంచెం కారంపొడి పంపండి. అమ్మకు, పెద్దనాయనకు దండాలు. చిన్నదానికి ముద్దులు. మీ దీవెనలు ఉంటే నాకు ఏ కొరతా లేదు.

నీ చెల్లెలు,
సుజాత

తా.క. మూడో ఎండ ఎందుకని వసుంధర గారు అడిగారు. నాకు తెలియదన్నాను. వివరంగా రాయి, అన్నా. ఇక్కడ ఒక సైంటిస్టు నీ ఉత్తరం కోసం ఎదురు చూస్తున్నారు.