విప్పని పేరు

హమాజకి రేవు,
జూన్ 20

ఎంతో ఆత్మీయులైన మినోబె సుమియె గారికి,

మీ దీవిలో వానలు పట్టుకున్నాయని పడవవాళ్ళు చెప్పారు. తోటలో కమలా పిందెలు రాలకుండా నిలిచాయనీ, మీరంతా కులాసాగా ఉన్నారనీ తలుస్తాను.

మీ పార్సిల్ నిన్న అందింది. తాడు విప్పగానే నేను కుట్టిన కోటే కనబడింది. వీపు మీద నీలం దారంతో ‘మినోబె’ అన్న పేరు, కింద అంచున మీరు అడిగి మరీ వేయించుకున్న చిన్న కమలా పువ్వు. దానితో పాటు మీ చీటీ. అందులో ఒక్క వాక్యమే ఉంది: “దయచేసి పేరు విప్పేసి ఉత్త కోటు పంపండి.”

మార్చిలో మీరు మా కుట్టు దుకాణానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. “మా ఆఖరివాడు కజుమ ఈ ఏడే సారసాల బేస్‌బాల్ జట్టులో చేరాడు. చివరి ఇన్నింగ్స్‌లో బంతి వేస్తాడట. వాడి పేరు ఇంకెవరైనా కోటు మీద కుట్టించుకున్నారా అండీ?” అని అడిగారు. మీరే మొదటివారన్నాను. “పోన్లెండి, ఒకరైనా ఉండాలిగా!” అని నవ్వారు. ఆ నవ్వుకి ఎదురు మంగలి కొట్టులోని ఫుకుబ గారు కత్తెర పట్టుకునే బయటికి వచ్చి చూశారు. మీరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “మా దీవిలో ఇంతేనండీ, ఈ కొండ మీద తోట నుంచి ఆ కొండ మీద తోటకి మాట్లాడుకుంటాం” అన్నారు. నేను మాట్లాడితే పక్కనున్నవాళ్ళకే వినిపించదు. అందుకే మీ గొంతు నాకు అంత నచ్చింది.

మా ఆయన తెయిజి పోయి ఆరేళ్ళయింది. సారసాల జట్టు ఆడుతుంటే ప్రేక్షకుల స్టాండ్లో బాకా ఊదేవారు. ఆయనది ఒకటే మాట: “ఏ ఆటగాడైనా జట్టులో ఉన్నంతకాలం మనవాడే, వాడి పేరు విప్పకు మిసావో. ఒక్క కుట్టు విప్పితే వాడి భుజంలో ఒక కీలు సడలుతుంది.” ఈ ఊరి అభిమానులందరిదీ అదే నమ్మకం. కజుమ బాబుని రెండో జట్టుకి పంపారు గానీ, ఇంకా మనవాడే కదా. అందుకని నేను విప్పలేను. కోటు నా దగ్గరే ఉంచుతాను. అక్టోబరులో ఆటలు ముగిశాక కూడా మీ మాట ఇదే అయితే అప్పుడు చూద్దాం.

ఎందుకు విప్పమన్నారని అడగను. అడిగే ముఖం నాకు లేదు. ఎందుకు లేదో ఇవాళ రాయలేకపోతున్నాను, క్షమించండి.

మీ
మిసావో


హమాజకి రేవు,
ఆగస్టు 23

సుమియె గారికి, ఎండల్లో మీ ఆరోగ్యం జాగ్రత్త అని కోరుతూ,

మీ దగ్గర నుంచి జవాబు రాలేదు. రాకపోవడమే న్యాయం అనుకుంటున్నాను. అయినా ఈ మధ్య రేడియోలో వింటున్న కబుర్లు మీకు రాయకుండా ఉండలేకపోతున్నాను. మీరూ వింటూనే ఉంటారు. అయినా ఈ వీధి ఏమంటోందో మీకు తెలియదు కదా.

కజుమ బాబు రెండో జట్టులో నలభై ఎనిమిది రోజులు ఉన్నాడు. అక్కడి ముసలి గురువు ఒకాయన నెల రోజులు బంతే ముట్టనివ్వలేదట. అద్దం ముందు నిలబెట్టి, చేతికి తువ్వాలు ఇచ్చి, దాన్నే విసరమనేవాడట. ఆ తర్వాత రెండు వేళ్ళ మధ్య బంతి ఇరికించి వేయడం నేర్పాడట. అది నేరుగా వచ్చినట్టే వచ్చి, బ్యాటు ముందుకు రాగానే చటుక్కున కిందికి జారిపోతుంది. వేళ్ళు విచ్చుకోవాలని బాబు అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేత్తోనే తినేవాడట, కుడిచేతికి బంతి కట్టుకుని.

ఆగస్టు మొదట్లో తిరిగి వచ్చాడు. మొదటి రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బ్యాటు పట్టుకుని వచ్చిన ముగ్గురినీ ఖాళీ చేతులతో పంపాడు. రెండో రోజు నలుగురైదుగురు కొట్టారు. ఇప్పటికి తొమ్మిది ఆటలయ్యాయి, ఒక్క పరుగూ ఇవ్వలేదు.

చివర్లో వచ్చి ఆట కాపాడేవాడిని మేం మంటలార్పేవాడు అంటాం. జూన్‌లో మీ అబ్బాయిని ఈ వీధి కొంపలంటించేవాడు అంది. మొన్న ఫుకుబ గారు మా దుకాణానికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డారు. చంకలో కోటు ఉంది.

“చెల్లెమ్మా, ఇది మళ్ళీ కుట్టాలి.”

“ఏం పేరు?”

“నీకు తెలియదూ? ఆ పేరే.”

“ఆ కుర్రాడు ఉంటే ఊళ్ళో ఇళ్ళకి బీమా చేయించుకోవాలన్నారు కదండీ?”

“అది నేననలేదు. నా నోరంది,” అని తల గోక్కున్నారు. “మొదటి నుంచీ నాకు తెలుసు, కుర్రాడిలో సరుకుందని.”

“తెలిసే విప్పించారా?”

“చెల్లెమ్మా, నువ్వు మెల్లగా మాట్లాడతావు గానీ సూదితో పొడుస్తావు.”

ఆయన్ని పొడిచే హక్కు నాకు లేదు. సుమియె గారూ, నా మొదటి ఉత్తరంలో ఒక నిజం దాచాను. పేరు విప్పకూడదని మీకు నీతి చెప్పాను. అప్పటికే విప్పాను. జూన్‌లో ఒకే వారంలో పందొమ్మిది కోట్ల మీద మీ అబ్బాయి పేరు నా చేత్తోనే విప్పాను. వాళ్ళు అడిగారు, నేను కాదనలేదు. ఆట ఓడిపోయినందుకు వాళ్ళలో ఉన్న కోపమే నాలోనూ ఉంది. మా ఆయన పటం వైపు వీపు పెట్టి కూర్చుని విప్పాను.

ఇప్పుడు ఆ కోట్లన్నీ ఒక్కొక్కటీ తిరిగి వస్తున్నాయి. మళ్ళీ కుడుతున్నాను. ఎంత జాగ్రత్తగా కుట్టినా పాత సూది రంధ్రాలు పక్కన కనబడుతూనే ఉన్నాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఆ పేరు చుట్టూ వెలుగు చుక్కల్లా ఉంటాయి. వేసుకునేవాళ్ళకి అవి కనబడవు. వాళ్ళు మరిచిపోయారు కూడా. ఎంత హాయో మరుపు.

అన్నిటిలోనూ రంధ్రాలు లేని కోటు ఒక్కటే ఉంది. అది మీది. కిటికీ పక్కన గోడకి తగిలించాను.

చెప్పాల్సింది ఇంకా ఉంది. దానికి నాకు ఇంకొంచెం సమయం కావాలి.

మీ
మిసావో


హమాజకి రేవు,
సెప్టెంబరు 19

సుమియె గారికి, తలవంచి,

ఇది చదివాక నా ఉత్తరాలన్నీ పొయ్యిలో వేసినా నేనేమీ అనుకోను.

మంగళవారం మధ్యాహ్నం కజుమ బాబు మా దుకాణానికి వచ్చాడు. అంత పొడుగు మనిషి, గుమ్మం దగ్గర తల వంచుకుని లోపలికి వచ్చాడు. బంతిని వేళ్ళ మధ్య కట్టుకునే గుడ్డ పట్టీ చిరిగిందట. “పిన్నిగారూ, ఇలాంటిదే ఇంకోటి కుట్టిపెడతారా?” అన్నాడు. నేను కొలత తీసుకుంటుంటే చెయ్యి చాపాడు. ఆ రెండు వేళ్ళ మధ్య చర్మం చీలి, మానిపోయి, మళ్ళీ చీలింది. నేను కొలత రెండుసార్లు తప్పు రాసుకున్నాను.

అంతలో గోడ వైపు చూశాడు.

“అది మా అమ్మది కదూ? అంచున పువ్వుంది.”

“అవును బాబూ. కుట్టు ఒకటి ఊడిందని బాగుచేయమని పంపారు.”

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. బాబు కోటు దించి, తిప్పి, పేరు వెనక వైపు దారాలన్నీ బొటనవేలితో తడిమి చూశాడు.

“ఎక్కడా ఊడలేదే,” అన్నాడు. “మీరు పంపితే అమ్మ వేసుకుంటుందంటారా?” అన్నాడు.

నేను కొలత టేపు చుట్టసాగాను. కోటు ఎలా ఉందో అలాగే తగిలించి, వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఎదురు కొట్టు నుంచి ఫుకుబ గారు “మంటలార్పే మినోబె, వర్ధిల్లు!” అని అరిచారు. బాబు ఆయనకీ దండం పెట్టాడు. నవ్వలేదు.

పొద్దున్నే అమిద బుద్ధుడి పటం ముందు అన్నం పెట్టి ‘నము అమిద బుత్సు’ అనుకుంటాను. ఆ పేరు పిలవడం తప్ప మాకు వేరే పూజ లేదు. పేరు పిలిచే ఆ నోటితోనే నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను.

జూన్ 11. చివరి ఇన్నింగ్స్. మనం ఒక్క పరుగు ముందున్నాం. మీ అబ్బాయి వచ్చాడు. ఎదుటి జట్టు వాళ్ళతో మూడు బేసులూ నిండిపోయాయి. ఆ తర్వాత వరసగా నాలుగు బంతులు దారి తప్పించి, ఒక పరుగు ఊరికే ఇచ్చేశాడు. తర్వాతివాడికీ అలాగే. మనల్ని ఓడించిన పరుగు కూడా నడుచుకుంటూనే వచ్చింది. స్టాండ్ స్టాండంతా “మార్చండి! వాణ్ణి మార్చండి!” అని మొదలుపెట్టింది. పక్కన ఫుకుబ గారు కొంపలంటించేవాడా అని గొంతు చించుకుంటున్నారు. మా ఆయన ఉంటే ఏమనేవారో అనిపించి, కళ్ళు మండి, నేను లేచి నిలబడ్డాను. యాభై ఏళ్ళలో ఎవరినీ గట్టిగా పిలిచి ఎరగను. అలాంటిదాన్ని, “ఇంటికి పోయి కమలాలు కోసుకో!” అని అరిచాను.

నాకు రెండు వరసల కింద ఒకావిడ లేచింది. వీపు మీద నా కుట్టే ఉంది, అంచున కమలా పువ్వూ ఉంది. ఆవిడ కోటు విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి, పేరు కనబడకుండా మడిచి, గుండెకి అదుముకుని కూర్చుంది. వెనక్కి తిరగలేదు.

ఆ స్టాండ్లో ఎంతమంది తిట్టినా కమలాల మాట ఎవరూ అనలేరు. మీ తోట సంగతి ఈ ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పింది మీరే, టీ తాగుతూ, నన్ను నమ్మి. మీరు నాకిచ్చిన మాటనే రాయిగా చేసి మీ బిడ్డ మీద వేశాను. అది వాడి చెవిన పడే ఉంటుంది. అందుకే మీరు కోటు పంపారనీ, అందుకే మీ ఇద్దరికీ మధ్య ఏదో తెగిందనీ నాకు అర్థమవుతోంది.

ఊరందరూ మాట మార్చుకుని హాయిగా ఉన్నారు. వాడు గెలిచిన ప్రతిసారీ నేను మాత్రం ఆ మాటే వింటున్నాను.

క్షమించమని అడగను. బాబు అడిగిన మాటకి జవాబు మాత్రం ఇప్పించండి.

మిసావో


తొకినొ దీవి,
సెప్టెంబరు 26

మిసావో గారికి,

నాకు రాయడం అలవాటు లేదు. మీ మూడు ఉత్తరాలకీ ఇదే జవాబు.

ఆ అరుపు మీదని ఆ రోజే తెలుసు. కమలాల మాట వినగానే తెలిసింది. కోపం రాలేదంటే అబద్ధం. ఇంటికి వచ్చే పడవలో మిమ్మల్ని తిట్టని తిట్టు లేదు. కానీ కోటు పంపింది అందుకు కాదు.

కోటు తిరగేసి మడిచాను కదా, మీరు చూశారు. ఆ తర్వాత మీరు నేల చూసి ఉంటారు. నేను ఏం చేశానో చూడలేదు. పక్కన ఎవరో పెద్దాయన, “ఏమమ్మా, ఆ కుర్రాడి తాలూకా?” అని అడిగాడు. కాదన్నాను. అనుమానం రాకూడదని అందరితో పాటు నేనూ నోరెత్తాను. “మార్చండి వాణ్ణి” అన్నాను. రెండుసార్లు.

మీ గొంతు పక్కనున్నవాళ్ళకే వినిపించదని మీరే రాశారు. స్టాండ్ దాటి మైదానంలోకి వెళ్ళిందనుకుంటున్నారా? నాది కొండ మీంచి కొండకి వెళ్ళే గొంతు. చిన్నప్పటి నుంచి ఆ గొంతు విని అన్నానికి పరిగెత్తుకొచ్చిన పిల్లాడు వాడు.

రెండో జట్టుకి వెళ్ళాక వాడు ఫోన్ చేశాడు. “అమ్మా, ఆ రోజు వచ్చావు కదూ? నీ గొంతు వినబడింది” అన్నాడు. నేను రాలేదన్నాను. సరే అని పెట్టేశాడు. అప్పటి నుంచి కబుర్లు వాళ్ళ నాన్నతోనే. గెలిచిన రోజున కూడా. మీరు పరాయి బిడ్డని అరిచారు. నేను నా బిడ్డని కాదన్నాను, రెండుసార్లు. ఆ పేరు వీపున వేసుకునే ముఖం లేక విప్పమన్నాను.

మీరు విప్పలేదు. మొదటి ఉత్తరానికి మీ మీద మండిపడ్డాను. ఇప్పుడు దండం పెడుతున్నాను.

వాడు కోటు తిప్పి దారాలు తడిమాడని రాశారు. ఎక్కడా ఊడలేదే అన్నాడని రాశారు. ఆ ముక్క నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మా ఆయన కాగితం చిరిగిపోతుందని లాక్కున్నాడు. వేసుకుంటుందా అని వాడు అడిగిన దానికి మీరు జవాబు చెప్పొద్దు. అది నేను చెప్పాలి.

అక్టోబరు మొదటి ఆదివారం ఆఖరి ఆట అట కదా. తోటలో తొలికాపు కోత మొదలయ్యే రోజు. ఒక రోజు ఆగితే కమలాలు కుళ్ళిపోవు. మొదటి పడవకి వస్తాను. కోటు దులిపి ఉంచండి. బంతులు వేసి చెయ్యి వేడెక్కించుకునే చోటికి ఎదురుగా, ముందు వరసలో రెండు చోట్లు పట్టండి. మీకన్నా నాలుగేళ్ళు పెద్దదాన్ని, చనువుగా చెబుతున్నాను, ఆ మంగలాయన్ని మాత్రం దూరంగా కూర్చోబెట్టండి.

వాడు తిరిగి చూస్తాడో లేదో నాకు తెలియదు. చూడకపోతే అది వాడి హక్కు. ఊరు మరిచినంత తేలిగ్గా వాడు మరవాలని నేను అడగను. కానీ అంత గోలలో నా గొంతు వాడికి తెలుసు. ఆ గొంతుతోనే ఈసారి వాడి పేరు పిలుస్తాను, నా వీపున ఉన్న పేరు, అందరూ వినేట్టు.

మీరు నా పక్కన నిలబడి పిలవండి. మీ గొంతు నా దాకా వస్తే చాలు.

కజుమ వాళ్ళ అమ్మ,
సుమియె