వంచి ముంచిన ముక్క

చిట్టితల్లికి,

నీ ఒంట్లో ఎలా ఉంది? కళ్ల మంట తగ్గిందా? పక్క గది నర్సుగారి నడుం నొప్పి ఎలా ఉంది? కింద వాటా ముసలాయనకి దగ్గు తగ్గిందా? నీ ఉత్తరం వచ్చి పంతొమ్మిది రోజులైంది. బాగున్నావు కాబట్టే రాయలేదులే అని సర్దిచెప్పుకున్నాను గానీ మనసు వింటేగా.

నాకు కాలు వాపు ఒకటే. పైవాటా వాళ్లు ఖాళీ చేశారు. మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా లేదిప్పుడు. రేడియో పెట్టుకుంటాను, అది నా మాట వినిపించుకోదు.

మీరు చేసే యాసిడ్ ట్యాంకు ప్లాస్టిక్‌దని రాశావు. నా బకెట్ ఉత్త ఎండకే పెళుసెక్కి పిడి ఊడింది. యాసిడ్‌కి ఆగుతుందా? దాని దగ్గర నిలబడకు. సెలవెప్పుడు?

మీ అమ్మ

ప్రియమైన అమ్మకి,

నేను బాగానే ఉన్నాను. నర్సుగారు వేరే ఊరు వెళ్లిపోయారు. ముసలాయన "మీ అమ్మగారు నా దగ్గుని ఇంకా మరిచిపోలేదా" అని నవ్వారు.

ఇది బకెట్ ప్లాస్టిక్ కాదమ్మా. గాజు పోగుల బట్టని రెజిన్ అనే జిగురులో తడిపి, పొర మీద పొర వేసి గట్టిపరుస్తాం. బలం గాజుది, యాసిడ్‌ని ఆపేది రెజిన్. దాని పైపొర పగలనంతకాలం లోపలి గాజుకి యాసిడ్ తగలదు. ముక్కలు కోసి యాసిడ్‌లో వేలాడదీసి, వారం వారం తూచి చూడడం నా పని. కొత్త ట్యాంకుది ఒక ముక్క పంపుతున్నాను, చేత్తో పట్టుకుంటే నీ భయం తగ్గుతుంది. ఆ ట్యాంకు మంచిదని సంతకం పెట్టాకే నాకు సెలవు.

నీ చిట్టి

చిట్టితల్లికి,

ముక్క అందింది. వెనిగర్ సీసాలో వేసి మూత పెట్టాను. రోజూ లేవగానే ముందు దాన్నే చూశాను. ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. తీసి కడిగి బల్లకేసి కొడితే టంగుమంది. ఏమీ కాలేదు. ఇంకేం అనుమానం? సంతకం పెట్టేసి వచ్చెయ్. ఇంట్లో పలకరించడానికి నాకు ఆ సీసా తప్ప ఎవరూ లేరు.

మీ అమ్మ

అమ్మా,

మా మేనేజరుగారి పరీక్షా అచ్చం నీ సీసా పరీక్షలాంటిదే. ఊరికే ముంచిన ముక్కలు ఆరు నెలలైనా చెక్కుచెదరలేదు. కానీ నిండిన ట్యాంకు గోడ మీద ఎప్పుడూ బరువుంటుంది కదా. అందుకని కొన్నిటిని విల్లులా వంచి కట్టి ముంచాను. పదకొండో రోజున రెండు పుటుక్కున విరిగాయి. పైపొర పలచగా వేశారు, వంచితే కంటికి ఆనని పగులు పడింది, అందులోంచి యాసిడ్ గాజు దాకా పోయింది.

"నిన్ను వంచమన్నదెవరమ్మా" అన్నారాయన. ట్యాంకు గోడ పక్కనే పంపు గది, నలుగురు పనిచేస్తారు. నేను సంతకం పెట్టలేదు, పని ఆగిపోయింది. మూడు వారాలుగా క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. నువ్వు బెంగపడతావని రాయలేదు. ఈ నెలాఖరున మళ్లీ అడుగుతారట. పెట్టేసి నీ దగ్గరికి వచ్చేద్దామనిపిస్తోంది.

చిట్టి

చిట్టితల్లికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సంతకం పెట్టేసి రమ్మని రాసినదాన్ని నేనే. ఆ కాగితం చించెయ్. నువ్వు రావాలన్న ఆశతో చూశాను, అందుకే ముక్క నా కంటికి బాగా కనపడింది. వంచి చూడాలని తోచలేదు సరికదా, తోచినా వంచేదాన్ని కాదేమో.

పెట్టకు. ఆ నలుగురి కోసం కూడా ఏదో గుమ్మంలో ఎవరో నిలబడి చూస్తుంటారు. ఆ నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నువ్వు రాలేకపోతే నేనే వస్తాను. రెండు బస్సులు మారాలంటే ఇప్పటినుంచే గుండె దడగా ఉంది. పక్కింటి టైలరు "ఈ వయసులో మీకెందుకు పిన్నిగారూ" అన్నాడు. "మా అమ్మాయి ఒక్కతే కూర్చుని తింటోంది నాయనా" అన్నాను. నా సంచికి తెగిన పట్టీ తీసుకుని కుట్టిచ్చాడు.

మీ క్యాంటీన్‌లోకి బయటివాళ్లని రానిస్తారా? రానివ్వకపోతే గేటు దగ్గర కూర్చోవడానికి ఏమైనా ఉంటుందా? నీళ్ల సీసా తెచ్చుకోనా? బస్టాండుకి నువ్వు రావద్దు, పని మానకు. కాదు, రా. నేను దారి తప్పుతాను.

ఇరవై ఏడో తేదీ, గురువారం, పొద్దున పదిన్నర బస్సు.

మీ అమ్మ