మురుగు తూము తాళం తీయించమని రెండో అర్జీ

కాలువల ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వరి పొలములో నీరు ఎక్కువైనందున మురుగు తూము తాళము తీయించుట గురించి.

నేను వ్యవసాయ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. మా నాన్నగారి తరఫున, ఆయన సంతకంతో, ఈ క్రింది సంగతులు తమకు మనవి చేసుకుంటున్నాను.

1. మా ఎకరన్నర పొలంలో నెల రోజులుగా నీరు కదలక నిలిచి ఉన్నది. వరికి నీరు ఎంత ఇష్టమైనా, దాని వేళ్లకు గాలి కూడా కావాలి. మొన్న ఒక దుబ్బు పీకి చూశాను. తెల్లగా ఉండవలసిన వేళ్లు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తున్నాయి. ఇరవై పిలకలు ఉండవలసిన చోట ఏడు లెక్కపెట్టాను. పిలకలు లేకపోతే కంకులు ఎక్కడి నుంచి వస్తాయి?

2. నీటి పొదుపు నిమిత్తం మురుగు తూములన్నింటికీ తాళాలు వేయవలెనని తమ కార్యాలయపు ఉత్తర్వు. అలా పొదుపు చేసిన నీరు మా పొలంలో భద్రంగా ఉన్నదని సవినయంగా తెలియజేస్తున్నాను.

3. తాళంచెవి ఉన్న కాలువ కాపలా లస్కరు గారిని అడిగితే, "పైనుంచి కాగితం రావాలమ్మా. నీళ్లు లేవని అందరూ ఏడుస్తుంటే నువ్వు ఉన్నాయని ఏడుస్తావేంటి?" అన్నారు.

4. కాగితం కోసం పన్నెండు రోజుల క్రితం మొదటి అర్జీ పెట్టాను. మూడుసార్లు చిత్తు రాశాను. "జలదిగ్బంధము" అనే మాట దొరికితే ముచ్చటపడి రెండుచోట్ల వాడాను. తమ గుమాస్తా గారు మెచ్చుకున్నారు కూడా. అయితే వారి దగ్గర "నీరు అందలేదు" అనే రిజిస్టరు ఒక్కటే ఉన్నది. "నీళ్ల గొడవే కదా తల్లీ, ఇందులోనే ఎక్కిస్తాలే" అని ఎక్కించారు. నాలుగో రోజున తమ సిబ్బంది సత్వర చర్య తీసుకుని, కాలువ షట్టరును మరో రెండు చుట్లు పైకెత్తారు. అంతవరకు జానెడున్న నీరు పిక్కల దాకా వచ్చింది.

5. గట్టు తెంచుదామంటే, పల్లంలో ఉన్నది మా మేనత్త పొలం. "తెంచుకో తమ్ముడూ, నాది ఎలాగూ మునిగిందిగా" అన్నది అత్త. ఆ మాట విన్నప్పటి నుంచి నాన్న ఆ గట్టు వైపు నడవడం మానేశారు.

6. పిలకలు వేసే గడువు ఇక తొమ్మిది రోజులే. ఈలోగా నీరు తీసి, సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి, మళ్లీ పెడితే కొత్త వేళ్లు వస్తాయి. కాలేజీ తొట్లలో నేనే చేసి చూశాను. గడువు దాటితే పైరు పొట్టకు వస్తుంది, అప్పుడు ఆరబెట్టకూడదు. అయ్యా, రోజూ పొద్దున్నే వెళతాం, నిలబడతాం, చూస్తాం, వచ్చేస్తాం. అంతకు మించి చేయడానికి మాకు ఏమీ లేదు.

కావున తాళం తీయించవలెను. ఈ కాగితమును మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కించక, తమ చేతిలో ఉంచుకునే చిత్తగించవలెనని వేడుకుంటున్నాను.

తమ విధేయురాలు,
అర్జీదారు కుమార్తె

తా.క.: సంతకం కోసం ఇస్తే నాన్న కాగితం చదవలేదు. "బాగా రాశావా?" అన్నారు. "పోయినసారి కంటే బాగా రాశాను నాన్నా" అన్నాను. "అయితే కాలువ వైపు గట్టు ఇంకో బెత్తెడు ఎత్తాలి" అని పార భుజాన వేసుకుని వెళ్లారు.